తూకానికి ముందు నీళ్ళు

ఓబులేసు నాలుగు రోజులుగా అన్నం తినలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు. అది ఉపవాసమూ కాదు, మొక్కూ కాదు. ఈ పొద్దున దర్గాలో పదిమంది ముందు తనను తూకం వేస్తారు. ఆ భయం.

తెల్లవారగానే ఇంట్లో బరువు చూసే మిషన్ ఎక్కాడు. డెబ్బై అయిదు. నాలుగు రోజుల కింద డెబ్బై తొమ్మిది ఉండేది. పోయినేడు ఇదే రోజున డెబ్బై నాలుగు. ఇంకొక్క కిలో దిగితే గండం గడుస్తుంది. చొక్కా విప్పి మళ్ళీ ఎక్కాడు. మొలతాడుకున్న తాళంచెవి తీసేసి ఇంకోసారి ఎక్కాడు. ముల్లు అక్కడే ఉంది.

"బీపీ మాత్ర గూడా నీళ్ళు లేకుండానే మింగితివి," అంది వాకిట్లోంచి చూస్తున్న భార్య లింగమ్మ. "ఇట్లనే పోయి ఎండలో పది కిలోమీటర్లు నడుస్తావా? దోవలో పడిపోతే మాకెవరు దిక్కు?"

"తూకం అయినాంక తాగుతాలే."

"నాలుగు రోజుల నుంచి అదే మాట చెప్తాండావు. నీ తూకం పాడుగాను," అని చెంబు అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఓబులేసు ఆ చెంబు వైపు చూడకుండా చెప్పులు తొడుక్కున్నాడు.

మూడేళ్ళ కింద అతను నూట ఎనిమిది కిలోలు. బస్సు డ్రైవరు. పొట్ట స్టీరింగుకు తగులుతోందని సీటు వెనక్కి జరిపితే కాలు బ్రేకుకు అందేది కాదు. మోకాళ్ళు మెట్టు ఎక్కనిచ్చేవి కావు. తాయెత్తు కట్టించుకుందామని నల్లగుట్ట దర్గాకు వెళ్ళాడు. అక్కడుండే ముర్తుజా బాబా అప్పటికే డెబ్బైకి దగ్గరపడిన మనిషి. ఓబులేసు చెప్పిందంతా విని తాయెత్తు కట్టలేదు. ఒక ఇత్తడి బిందె చేతికిచ్చాడు.

"గుట్ట అవతల ఊటబావి ఉంది. నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలన్నా, తాగాలన్నా నాకు ఆ నీళ్ళే కావాల. రోజూ ఒక బిందె తెచ్చిపెట్టు బేటా."

ఊటబావి మూడు కిలోమీటర్లు. మొదటిరోజు ఓబులేసు మోటారుసైకిలు మీద పోయి పావుగంటలో తెచ్చిపెట్టాడు. బాబా ఆ నీళ్ళన్నీ మల్లెచెట్టు మొదట్లో వంపేసి ఖాళీ బిందె తిరిగి ఇచ్చాడు. ఓబులేసు ఆరోజు ఆ ముసలాయన్ని లోపల్లోపల బాగానే తిట్టుకున్నాడు. మర్నాటి నుంచి మాత్రం నడిచే వెళ్ళాడు.

పోను మూడు, రాను మూడు. వచ్చేటప్పుడు భుజం మీద బిందె. మొదట్లో ఆరుసార్లు దించుకునేవాడు. తర్వాత మూడుసార్లు. ఏడాది తిరిగేసరికి దించకుండానే వచ్చేవాడు. లింగమ్మ రాగిసంకటి మొదలుపెట్టింది, డిపో ముందరి బజ్జీలబండి వాడు ఓబులేసు ముఖం మరిచిపోయాడు. రెండేళ్ళలో ముప్పైనాలుగు కిలోలు దిగాయి.

ఆ దర్గాలో పిల్లల్ని చక్కెరతో తూచి పంచిపెట్టే ఆనవాయితీ ఉంది. బియ్యం వ్యాపారి కోనేటి శెట్టికి అది చూసి ఒక ఆలోచన వచ్చింది. ఏటా దర్గా ఉరుసు పండగ మర్నాడు త్రాసులో ఒక తట్ట మీద ఓబులేసు పాత బరువుకు సరిగ్గా, కిలో బియ్యం సంచులు నూట ఎనిమిది పెట్టాలి. రెండో తట్టలో ఓబులేసు కూర్చోవాలి. రెండూ సమానమయ్యేదాకా సంచులు తీసేయాలి. తీసిన ఒక్కో సంచికి ఒక్కో బస్తా చొప్పున శెట్టి టీబీ ఆసుపత్రి వంటశాలకు ఇస్తాడు. తీసిన ఆ సంచుల్ని జనం భుజాన వేసుకుని పది కిలోమీటర్ల అవతలున్న ఆసుపత్రికి పందెం నడక నడవాలి. నడిచేవాళ్ళు ఇచ్చే చందా కూడా రోగులకే.

పోయినేడు ముప్పైనాలుగు సంచులు తీశారు. నడకలో కూడా ఓబులేసే ముందొచ్చాడు. జనం అతన్ని ఆకాశానికెత్తారు.

వచ్చిన చిక్కల్లా అక్కడే. బడివాళ్ళు పిలిచారు, బ్యాంకువాళ్ళు పిలిచారు, పక్క మండలంవాళ్ళు కూడా పిలిచారు. 'నడక ఓబులేసు' అని పేరు పడిపోయింది. పోయినచోటల్లా నడకమీద ఉపన్యాసం, శాలువా, ఆ తర్వాత భోజనం. పెద్దమనుషులు కొసరి కొసరి వడ్డిస్తుంటే కాదనడానికి అతనికి మొహమాటం. నడిచిపోయే తీరిక ఎక్కడిది, అన్ని ఊళ్ళకూ మోటారుసైకిలు మీదే తిరిగాడు. ఊటబావి దారి తొక్కి నాలుగు నెలలు దాటింది. బాబా కబురు పెట్టలేదు. ఓబులేసు కూడా నీళ్ళ సంగతి అడగలేదు.

దర్గా ముందు అప్పటికే రెండువందల మంది చేరారు. గోడ మీద ఓబులేసు బొమ్మ వేసిన కాగితం, దాని కింద పెద్ద అక్షరాలతో ముప్పైనాలుగు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఓబులేసు నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. ఎవరో చెయ్యి కలిపితే నవ్వబోయాడు. పెదవి పగిలి మండింది.

"రాప్పా ఓబులేసూ, నీకోసమే చూస్తాండాం," అన్నాడు కోనేటి శెట్టి మైకులో. "ఈతూరి ముప్పైనాలుగు దాటిస్తావా, ఆడికే నిలబెడతావా?"

జనం చప్పట్లు కొట్టారు. ఓబులేసు కళ్ళముందు చుక్కలు తేలాయి. త్రాసు గొలుసు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. ఇంకొక్క అయిదు నిమిషాలు, అంతే, అనుకున్నాడు.

అప్పుడు లోపల్నుంచి ముర్తుజా బాబా వచ్చాడు. చంకలో ఆ ఇత్తడి బిందె, చేతిలో గ్లాసు. ఓబులేసు వంగి ఆయన చేతులు కళ్ళకద్దుకున్నాడు. బాబా అతని చెయ్యి వదల్లేదు. మణికట్టు పట్టుకుని, పగిలిన పెదవుల వైపు కాసేపు చూశాడు. తర్వాత బిందె దించి, గ్లాసు నింపి చేతికిచ్చాడు.

"తాగు."

ఓబులేసు గ్లాసు అందుకుని త్రాసు వైపు చూశాడు.

"తూకం అయినాంక తాగుతా బాబా."

"ఇప్పుడు తాగు."

"అయిదు నిమిషాల పని బాబా, కానీయండి," అన్నాడు శెట్టి మైకు పక్కకు పెట్టి. బాబా అతని వైపు చూడనైనా లేదు.

ఓబులేసు గొంతు తగ్గించాడు. "ఒక్కో కిలో ఒక్కో బస్తా బాబా. రోగుల నోటికాడి కూడు. వాళ్ళ కోసమే ఇట్ల ఉండా."

ఆ మాట అంటున్నప్పుడే అది పూర్తి నిజం కాదని అతనికి తెలుసు. రోగుల ముఖం ఒక్కటీ గుర్తుకు రాలేదు. గోడమీద కాగితమే కళ్ళముందుంది. సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కోపం కూడా వచ్చింది. ఈ ముసలాయన ఇందరిలో నన్నే పట్టుకోవాలా అనుకున్నాడు.

బాబా కదల్లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నీళ్ళు తాగడానికి ఇంత ఆలోచనేమిటని ఎవరో నవ్వారు. ఓబులేసుకు చెవులు హోరెత్తాయి. గ్లాసు ఒలికించేద్దామా అనిపించింది. కాలు జారినట్టు నటించినా సరిపోతుంది. గ్లాసు కొంచెం వంచాడు కూడా. కొన్ని చుక్కలు బాబా పాదం మీద పడ్డాయి.

ఓబులేసు తల వంచి చూశాడు. ఆ పాదం వేలిసందుల్లో ఎర్రమట్టి ఉంది. ఇంకా ఆరలేదు. నల్లగుట్ట మీద ఎర్రమట్టి ఎక్కడా లేదు, ఒక్క ఊటబావి దగ్గర తప్ప.

గ్లాసు నోటికెత్తాడు. ఆ నీళ్ళకు ఒక చిన్న ఉప్పదనం ఉంటుంది. రెండేళ్ళకు పైగా మోసిన మనిషికి అది తెలియకుండా పోదు. గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. గ్లాసు ఖాళీ అయింది. బాబా మళ్ళీ నింపాడు. అదీ తాగాడు. మూడోదీ తాగాడు. నాలుగో గ్లాసుకు ఆగి అడిగాడు.

"నీళ్ళు ఎవరు తెస్తాండారు బాబా?"

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు రానప్పట్నుంచి."

డెబ్బై దాటిన మనిషి. నాలుగు నెలలు. నాలుగో గ్లాసు తాగేసరికి కళ్ళు నిండిపోయాయి. జనం ఏమనుకుంటారో అనే ఆలోచన అప్పుడు అతనికి రాలేదు.

వెళ్ళి తట్టలో కూర్చున్నాడు. శెట్టి ఒక్కో సంచీ తీస్తూ గట్టిగా లెక్కపెట్టాడు. ఇరవై దాటాయి, ముప్పై దాటాయి. ముప్పైరెండో సంచి తీయగానే రెండు తట్టలూ సమానమై నిలిచాయి. ఊగడం ఆగేదాకా శెట్టి ఆగాడు. ఇంకో సంచి మీద చెయ్యి వేసి, ముల్లు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముప్పైరెండు," అన్నాడు మైకులో. "పర్వాలేదప్పా. ఏడాదిలో రెండు కిలోలు ఎవరికైనా వస్తాయి." జనం కూడా పెద్ద మనసు చేసుకుని చప్పట్లు కొట్టారు.

అంతటితో పరువు దక్కినట్టే. తట్టలోంచి దిగిపోతే చాలు. ఓబులేసు దిగలేదు. మైకు ఇవ్వమని చెయ్యి చాపాడు.

"ముప్పైరెండు కాదు శెట్టిగారూ. ఇరవైతొమ్మిది."

"ముల్లు కనపడ్తాంది గదప్పా."

"ముల్లుకు తెలీదు. కడమ మూడు కిలోలూ, నాలుగు రోజులు తిండి మాని, నిన్నట్నుంచి నీళ్ళు మాని దించుకున్నవి. రేపటికి మళ్ళా ఎక్కుతాయి. మూడు సంచులు తిరిగి పెట్టేయండి. నేను నడిచి నాలుగు నెలలైంది. మోటారుసైకిలు మీద తిరిగి మీకందరికీ నడవమని చెప్పినా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శెట్టి అటూ ఇటూ చూసి, తీసిన సంచుల్లోంచి మూడు తెచ్చి మళ్ళీ తట్ట మీద పెట్టాడు. ఓబులేసు కూర్చున్న తట్ట జానెడు పైకి లేచింది. అందరూ చూశారు. ముప్పైనాలుగు బస్తాలు పోయిన వంటశాలకు ఈసారి ఇరవైతొమ్మిదే పోతాయి. ఆ అయిదు బస్తాలూ ఏ విందుభోజనాల్లోకి పోయాయో ఓబులేసుకు తెలుసు. తల దించుకుని దిగాడు.

నడిచేవాళ్ళు వరసల్లో నిలబడుతున్నారు. సంచులు ఒక్కొక్కరి భుజం మీదికి ఎక్కుతున్నాయి. ముందు వరసలో అతనికని ఉంచిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడికి పోవడానికి కాళ్ళు రాలేదు. ఇంటికి పోయే మొహమూ లేదు. బాబా ఏమైనా అంటాడేమోనని చూశాడు. తిట్టినా బాగుండుననిపించింది.

బాబా బిందెలో మిగిలిన నీళ్ళు మల్లెచెట్టు మొదట్లో వంపేశాడు. ఖాళీ బిందె తెచ్చి ఓబులేసు చేతికిచ్చాడు. పందెం దారి ఊటబావి పక్కనుంచే పోతుంది. బావి దగ్గర ఆగినవాడు పందెంలో లేనట్టే. ఓబులేసు బిందె భుజానికెత్తుకుని, ముందు వరస దాటి, నడుం నొప్పితో కూలబడి లేస్తున్న ఒక లావుపాటి ఆమె వెనక, చిట్టచివర నిలబడ్డాడు.

"రేపటికి నీళ్ళు లేవు, బేటా," అన్నాడు బాబా.