కంపైలరు ఇంటికో రాత ఎందుకు రాస్తుంది

ఒకప్పుడు, యంత్రాలూ కోళ్లూ కూర్చుని కబుర్లాడుకునే రోజుల్లో, కంపైలర్లు ఏ యంత్రానికైనా ఒకే అసెంబ్లీ రాసిచ్చేవి. మనుషులు రాసిన ప్రోగ్రాంను యంత్రం చేయగలిగిన చిన్న చిన్న పనులుగా విడగొట్టి రాస్తే, ఆ రాతే అసెంబ్లీ.

కూర్పమ్మ అనే కంపైలరుకు ఆ ఒకే రాత అంటే మహా గర్వం. గజయ్య అనే పెద్ద యంత్రం దగ్గర నేర్చుకుంది మరి! లెక్కలు దాచుకోవడానికి గజయ్య ఒంట్లో బోలెడన్ని అరలు. "ఎక్కడికెళ్లినా నా రాత అక్షరం మారదు" అని కూర్పమ్మ గొప్పలు పోయేది.

ఒకరోజు గుడ్లు పొదిగే పెట్టెను చూసుకోవడానికి బుడ్డెమ్మ అనే చిన్న యంత్రం వచ్చింది. పెట్టెలో ఉన్నవి చుక్కలకోడి గుడ్లు, ఇవాళో రేపో పిల్లలయ్యేవి. వేడి తగ్గితే బల్బు వెలిగించాలి, అంతే పని. కూర్పమ్మ ఎప్పటి రాతే రాసిచ్చి చేతులు దులుపుకుంది.

సాయంత్రానికి చుక్కలకోడి రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఓ కూర్పమ్మా! బల్బు వెలగట్లేదే! నా గుడ్లు చల్లబడిపోతున్నాయే!"

కూర్పమ్మ రాతంతా గబగబా చదివింది. తప్పు లేదు. మళ్లీ చదివింది. లేదు! తప్పు కనిపిస్తే దిద్దొచ్చు, కనిపించకపోతే ఏం చేయాలి? బుడ్డెమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"బుడ్డెమ్మా, నేను రాసినట్టే చేశావా?"

"చేశానత్తా. వేడి లెక్క తొమ్మిదో అరలో పెట్టమన్నావు. మా ఇంట్లో ఉన్నవే నాలుగు. పెద్దదానివి, ఎదురు చెప్పకూడదని ఉన్నదాంట్లోనే కుక్కేశాను. అందులో ముందే ఉన్న లెక్క కాస్తా చెరిగిపోయింది."

"నన్నడగొచ్చు కదే!"

"నువ్వూ అడగలేదు కదత్తా."

కూర్పమ్మ మొదటిసారి బుడ్డెమ్మ లోపలికి తొంగిచూసింది. నాలుగే అరలు, పైన అటకలాగా మెమరీ. కొత్తగా రాసింది: కావలసిన లెక్క కిందికి దించు, పనయ్యాక మళ్లీ పైన పెట్టు. గజయ్య రాతకూ దీనికీ పోలికే లేదు. కానీ బల్బు వెలిగింది!

ఇక ఎదురుచూపే. ముగ్గురూ పెట్టె పక్కనే కూర్చున్నారు. చివరికి ఒక గుడ్డు టిక్కుమంది. తర్వాత ఇంకొకటి. పెట్టె నిండా కిచకిచలు.

ఒక్క గుడ్డు మాత్రం పలకలేదు. చుక్కలకోడి దాన్ని ముక్కుతో కదుపుతూనే ఉంది. కూర్పమ్మ భోరుమని ఏడ్చింది.

అప్పటినుంచే, ప్రోగ్రాం ఒకటే అయినా కంపైలరు రాసే అసెంబ్లీ యంత్రానికో రకంగా ఉంటుంది. ఏ గడప తొక్కినా "మీ ఇంట్లో అరలెన్నమ్మా?" అని అడగందే అది ఇప్పటికీ ఒక్క ముక్క రాయదు.