పైడితల్లి కేక

అనగనగా శారదా నది ఒడ్డున, మాఘమాసం వస్తే గాలి కూడా తియ్యగా ఉండే ఒక ఊళ్ళో, గవిరినాయుడని ఒక ఆసామి ఉండేవాడు. కాస్త ఇటు జరుగు నాన్నా, దుప్పటి నాకూ మిగల్చు. ఆ, ఆయనకి నాలుగు చెరకు మళ్ళూ, ఒక బెల్లం గానుగా ఉండేవి.

గానుగంటే పక్కపక్కనే తిరిగే లావుపాటి ఇనప దిమ్మలు. ఇంజను వాటిని బెల్టుతో తిప్పుతుంది. మధ్యలో చెరకు పెడితే ఇటు రసం కారుతుంది, అటు పిప్పి పడుతుంది. చెరకేదో చెయ్యేదో ఆ దిమ్మలకి తెలీదు. మనకే తెలియాలి.

ఆ ఇంటికి పైడితల్లి అని కొత్త కోడలొచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. పైగా ఆ ఇంట్లో కోడళ్ళు మామగారి ఎదుట గొంతెత్తకూడదని ఆనవాయితీ. అన్నం ఇంకా కావాలా అని అడగాలంటే, పాపం, గిన్నె మీద గరిటెతో టక్కుమనిపించేది. ఆయన తలూపితే వడ్డించేది.

గానుగాడే రోజుల్లో ఇంటివాళ్ళూ కూలివాళ్ళూ కలిసే పని చేసేవారు. పైడితల్లి పిప్పి ఎత్తేది. గానుగలో చెరకు పెట్టేది నూకరత్నం. ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. పనిలోకి రాగానే చెంగు బిగించి దోపేది, గాజులు తీసి గుడ్డలో మూటకట్టేది, చెరకు చివరి ముక్కని చేత్తో తొయ్యకుండా ఇంకో చెరకుతో తోసేది. ఇరవై ఏళ్ళు పనిచేసినా పది వేళ్ళూ పదిలంగా ఉన్నాయంటే ఊరికే ఉన్నాయా? అలాంటి వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి నాన్నా.

ఇంజను దగ్గర సింహాద్రి ఉండేవాడు. ఎవరు ఆపమని అరిచినా ముందు ఆపు, ఎందుకని తర్వాత అడుగు అని నూకరత్నం అతని చేత ఒట్టు పెట్టించుకుంది. అంతవరకూ ఆపమనే అధికారం ఆసామి ఒక్కడిదే. రసం కాచే పెనం పొయ్యెక్కాక గానుగ ఆగితే బెల్లం గట్టిపడదని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకంలే.

అప్పుడు నూకరత్నం పైడితల్లిని చెరకు తోటలోకి తీసుకెళ్ళి, ఏదీ, ఒకసారి ఆపమని కేకెయ్యి అంది. మొదటిసారి పెదాలు కదిలాయి, అంతే. రెండోసారి పిల్లికూన మూలిగినట్టయింది. మూడోసారి కాస్త వినబడింది గానీ, గట్టు మీద మేకపిల్ల తలెత్తైనా చూడలేదు. మామగారు వింటారని సిగ్గేస్తోందని పైడితల్లి తలదించుకుంది.

"సిగ్గు చూసి గానుగ ఆగదే పిల్లా. గొంతు ఇంటేనే ఆగుతాది" అంది నూకరత్నం.

ఆ తర్వాత ఒకరోజు పెనం మీద పాకం కుతకుతలాడుతోంది. రసం కుండ ఎత్తడానికి వంగిన ఒకావిడ చెంగు దిమ్మల మధ్యకి జారింది. నూకరత్నం "ఆపు" అని అరిచింది. సింహాద్రి పొడుగాటి కర్రతో బెల్టును చక్రం మీంచి జారగొట్టాడు. దిమ్మలు ఆగాయి. చెంగు బయటికొచ్చింది, మనిషి మిగిలింది. ఆసామి మాత్రం అపశకునమని గొణుక్కున్నాడు.

మర్నాడు మళ్ళీ ఏదో ఎర్రగా దిమ్మల్లోకి పోతూ కనబడింది. నూకరత్నం అరిచింది, గానుగ ఆగింది. తీరా చూస్తే అది చెరకు మోపు కట్టిన గుడ్డపేలిక. కూలివాళ్ళంతా పకపకా నవ్వారు. ఆసామికి కోపం నషాళానికంటింది. పేలికలకి జడిసే మనిషి తన గానుగకి అక్కర్లేదని, నూకరత్నాన్ని లేపి తోటలోకి పంపేశాడు. ఎలా పెట్టాలో చూపిస్తానంటూ తనే పీట మీద కూర్చున్నాడు. మెడ చుట్టూ కండువా అలాగే ఉంది.

పైడితల్లి పక్కనే పిప్పి ఎత్తుతోంది. ఆయన ఒక చెరకు పెట్టాడు, రెండోది పెట్టాడు. మూడోది పెట్టడానికి ముందుకు వంగాడు. కండువా కొస చెరకు మీద పడింది, చెరకుతోపాటు కదిలింది. ఆయన చూడలేదు. ఇంజను చప్పుడులో ఎవరికీ ఏమీ తెలియలేదు.

చూసింది పైడితల్లి ఒక్కతే. టక్కుమనిపించడానికి గరిటె లేదు, ముందుండి అరవడానికి నూకరత్నం లేదు. మామగారి ఎదుట గొంతెత్తితే మర్యాద పోతుంది, ఎత్తకపోతే మామగారే పోతారు. కండువా ఇంకో జానెడు లోపలికి పోయింది.

అప్పుడు అరిచింది నాన్నా.

"ఆపండి మావా, ఆపండి."

ఆ కేకకి తోటలోని కొంగలు లేచాయి. మేకపిల్ల తాడు తెంపుకుని పారిపోయింది. సింహాద్రి ఎవరు, ఎందుకు అని చూడలేదు, బెల్టు జారగొట్టేశాడు. దిమ్మలు ఆగేసరికి ఆసామి గడ్డానికీ ఇనుముకీ మధ్య బెత్తెడు జాగా ఉంది.

కత్తితో కండువా కోసి ఆయన్ని లేపారు. మెడ మీద ఎర్రటి చార పడింది, ఇంకేమీ కాలేదు. పైడితల్లి తప్పు చేసినదానిలా గుంజ చాటుకి వెళ్ళి నిలబడింది. ఆసామి మెడ తడుముకుంటూ గుంజ దగ్గరికొచ్చాడు. అంత మనిషికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంత గొంతు మా ఇంట్లో ఉందని నాకు తెల్దు తల్లీ. తప్పు నాది" అన్నాడు.

ఆ తర్వాత ఆయనే గట్టు దాకా నడిచి వెళ్ళి, నూకరత్నాన్ని పిలుచుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. బెల్లం సంగతి అడుగుతావా? రాయిలా గట్టిపడింది, పొయ్యెక్కిన పెనానికి గానుగతో పనేముంది.

మరుసటి ఏడు గానుగ కట్టినప్పుడు ఆసామి కొత్త ఆనవాయితీ పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాక, మొదటి చెరకు పెట్టేలోపు అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరూ వరసగా ఒక్కసారి "ఆపు" అని అరవాలి. అరిచిన ప్రతిసారీ సింహాద్రి గానుగ ఆపి చూపించాలి. ఎవరి గొంతు ఇంజను చప్పుడు దాటకపోతే వాళ్ళు మళ్ళీ అరవాలి. ఆసామి కండువా లేకుండా నిలబడి మొదట తనే అరిచాడు. సగం బొంగురు. పైడితల్లి వంతు రాగానే చెవులు మూసుకుని నవ్వాడు.

ఆ గానుగ ఎన్నో ఏళ్ళు ఆడింది నాన్నా. ఒక్క వేలు నలగలేదు, ఒక్క కొంగు చిరగలేదు. ఆ రోజు నుంచి పైడితల్లి, అన్నం ఇంకా కావాలా మావా అని నోటితోనే అడిగేది.

చెరకేమో గానుగకి, చెయ్యేమో మనిషికి,
కేకేమో గొంతుకి, కునుకేమో కంటికి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.