తెరవెనుక మీసం

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్ళు నాతో తగువుకొస్తారు గనుక చెప్పను, రణధీరవర్మ అనే రాజుండేవాడు. ఆయనకు రెండే గర్వాలు. ఒకటి తన మీసం, రెండోది తన తెలివి.

ఆ తెలివితో ఆయన కోటగుమ్మం మీద ఒక శాసనం చెక్కించాడు. వార్త తెచ్చినవాడు రాజు ముఖం చూస్తే ఆ ముఖానికి నచ్చేట్టు చెబుతాడు. కాబట్టి రాజు తెరవెనుక కూర్చుని వింటాడు. ముగ్గురు వేరువేరుగా వచ్చి ఒకే మాట చెబితే అది నిజం. ఇక విచారణ లేదు.

ఒకరోజు అలాగే ముగ్గురు వచ్చి, సరిహద్దు కోట కాపలాదారు సింగమనేడు శత్రువులతో చేతులు కలిపాడని చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం అతన్ని ఏనుగుచేత తొక్కించమని ఆజ్ఞ అయిపోయింది.

సింగమనేడి భార్య మల్లాంబ ఏడుస్తూ ఆస్థాన విదూషకుడు కొమ్మన ఇంటికొచ్చి పడింది.

"అన్నా, మా ఆయన పదిరోజులుగా చలిజ్వరంతో మంచం దిగలేదు. కోటకొచ్చింది పొరుగుదేశపు వైద్యుడు. నేనే పిలిపించాను. బతికించుకుందామని పిలిచి నేనే చంపుకుంటున్నాను!"

కొమ్మన వెంటనే ఆ ముగ్గురినీ వెతుక్కుంటూ వెళ్ళాడు. ఒకడు బట్టల వర్తకుడు, ఒకామె కుండలమ్మే సూరమ్మ, మూడోవాడు గుడి పూజారి. "మేం చూడలేదు బాబూ, గడ్డి అమ్మే పేరయ్య చెప్పాడు" అన్నారు ముగ్గురూ. పేరయ్య కొట్టు ఊరి మొగదల ఉంటుంది. బండి ఎడ్లకైనా, గుడి ఆవుకైనా గడ్డి అక్కడే కొనాలి.

పేరయ్యను అడిగితే, "సరిహద్దు కోటకు గడ్డి తోలినప్పుడు, పొరుగుదేశం తలపాగా వాడొకడు లోపలికి పోవడం నా కళ్ళతో చూశాను సామీ. ఎవడో ఏమిటో అడగలేదు. మిగతాది మనం ఊహించుకోలేమా?" అన్నాడు.

కొమ్మన పరుగున వెళ్ళి రాజుకు విన్నవించాడు.

"నోళ్ళు మూడా, కాదా?" అన్నాడు రాజు.

"మూడే ప్రభూ. కానీ మూడు కుండల నీళ్ళూ ఒకే బావిలోవి."

"సామెతలు నా దగ్గర కాదు. నా శాసనం తప్పిందనడానికి, ఈ లోకంలో నిజంగా జరిగిన ఉదాహరణ ఒక్కటి చూపించు. రేపు మధ్యాహ్నం దాకా గడువు. చూపలేకపోయావో, సింగమనేడి పక్కన నువ్వూ నిలబడు."

కొమ్మన ఇంట్లో ఉన్న తాటాకు గ్రంథాలన్నీ తిరగేశాడు. వాటినిండా కాకులూ నక్కలే. మనుషులకు జరిగింది ఒక్కటి దొరకలేదు. భార్య వడ్డించిన అన్నం చల్లారిపోయింది. తొక్కించేది ముందు తననా, సింగమనేడినా అన్న ఆలోచన తప్ప మరోటి రాలేదు.

పొద్దు వాలుతుండగా చటుక్కున లేచాడు. పేరయ్య దగ్గరికెళ్ళి, ఆవు లేకపోయినా ఒక మోపు గడ్డి కొన్నాడు.

"పేరయ్యా, రాజుగారి మీసం సంగతి ఏమైనా విన్నావా?" అని అడిగి, ఒక నిట్టూర్పు విడిచి, మరి మాట్లాడకుండా ఇంటికొచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నమైంది. బయట ఏనుగు గొలుసుల చప్పుడు వినిపిస్తోంది. ఓ మూల సింగమనేడు జ్వరంతో వణుకుతున్నాడు, అతన్ని పట్టుకుని మల్లాంబ వణుకుతోంది.

"ప్రభూ, నిన్నటి ముగ్గురినే ఒక్కొక్కరుగా పిలిచి, ఊళ్ళో వార్తలేమిటో అడగండి" అన్నాడు.

వర్తకుడొచ్చి తెరకు దండం పెట్టాడు. "ఏం చెప్పను మహారాజా! మంగలి చెయ్యి జారి తమ మీసం పోయిందని తెలిసి మా వీధంతా దిగులుపడుతోంది."

సూరమ్మ వచ్చి కళ్ళు ఒత్తుకుంది. "మొక్కు తీర్చుకోడానికి తీయించారట గదా దొరా! మళ్ళీ మొలుస్తుందిలే, బెంగపడబాకండి."

పూజారి గొంతు తగ్గించాడు. "నిద్రలో ఎలుక కొరికిందని విన్నాను. మీసానికి శాంతి చేయిస్తే మంచిది ప్రభూ."

"మహాప్రభూ, ముగ్గురూ వేరువేరుగా వచ్చి చెప్పారు" అన్నాడు కొమ్మన, నుదుటి చెమట తుడుచుకుంటూ. "శాసనం ప్రకారం తమకు మీసం లేదు. ఇక విచారణా లేదు. తమ చేతికి తగులుతున్నది ఏమిటో నాకు తెలియదు."

తెరవెనుక నుంచి ఒక్కసారిగా, తెర చిరిగేంత పెద్ద నవ్వు! రాజు మీసం పట్టుకుని బయటికొచ్చాడు. మీకెవరు చెప్పారని ముగ్గురినీ అడిగాడు. పేరయ్య అన్నారు. పేరయ్యను పిలిపిస్తే కొమ్మనను చూపించాడు. సింగమనేడి మాట ఎక్కడిదని రాజు అడిగితే, తలపాగా చూశానన్న దగ్గర పేరయ్య ఆగిపోయాడు. ఆ తలపాగా వైద్యుడు ఊళ్ళోనే ఉన్నాడు. వచ్చి రోగి చెయ్యి పట్టుకుని, నాడి చూసి, కషాయం మానేసినందుకు అందరిముందూ చీవాట్లు పెట్టాడు.

ఏనుగును శాలకు తోలించారు. మల్లాంబ మొగుణ్ణి పొదివి పట్టుకుని బావురుమంది. "చెప్పినవాడికి ఎవడు చెప్పాడో కూడా అడగవలెను" అని శాసనం కింద మరో వరుస చెక్కించాడు రాజు.

తన చేతి బంగారు కడియం తీసి కొమ్మనకు తొడుగుతూ, "అంతా తెలిసినవాడివి, ఇంకా ఎందుకోయ్ చెమటలు?" అన్నాడు.

"ఏం చెప్పమంటారు ప్రభూ! పొద్దుటినుంచీ మా గుమ్మంలోకి పదిమంది వచ్చి, తమ మీసం పోయిందని ఒట్టేసి చెప్పారు. తమరు తెర దాటి వచ్చేదాకా నాకే అనుమానం!"

రాజు మళ్ళీ నవ్వాడు. నవ్వుతూనే మీసం ఒకసారి తడిమి చూసుకున్నాడు.