మామగారికి మర్దనా చేయించాం

పొద్దున్న ఏడు గంటలు. కార్తీకమాసం. మంచు కురుస్తోంది, ఎండ ఇంకా రాలేదు.

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అలాంటి ఇల్లు ఊళ్ళో ఇంకొకటి లేదని మా ఆయన సన్యాసిరావు రోజూ అంటారు. నేను కాదనను.

చలి మొదలవగానే మామగారి నడుం పట్టేసింది. పది రోజులుగా నడక లేదు. ఎల్లుండి ఆడపడుచు వస్తోంది. తండ్రిని మంచం మీద చూసిందంటే నన్ను బతకనివ్వదు. ఆవిడ వచ్చేసరికి ఈయన లేచి నడవాలి. అదే నా బెంగ.

మర్దనా చేసే దాలయ్యని అడిగాం. "నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, నొప్పి ఉన్నచోటల్లా బాగా పట్టించండి" అన్నాడు.

పెద్దాడు గవర్రాజు గిన్నె పట్టుకొచ్చాడు. "తాతా, నొప్పి ఎక్కడెక్కడ?"

"ఏం చెప్పనురా! మంచం మీద నొప్పి, గడప దగ్గర నొప్పి, మెట్ల మీదైతే ప్రాణం పోతుంది."

అంతే. మంచానికి పట్టించారు. గడపకి పట్టించారు. వీధి మెట్లకి రెండుసార్లు పట్టించారు, అక్కడ నొప్పి ఎక్కువ కదా. చిన్నాడు ఎర్నాయుడు మూడో మెట్టుని పిడికిళ్ళతో గుద్ది, "నరం దొరికింది నాన్నా!" అని అరిచాడు.

ఇంకేముంది! మా ఆయన చూడబోయి పై మెట్టు మీద కాలు పెట్టారు. వీధిలో తేలారు.

"మెట్టుకి తగ్గిందా నాన్నా?"

"తగ్గిందిరా. నాకొచ్చింది."



సంగతి విని దాలయ్య చెంపలేసుకున్నాడు. "మీరేం చెయ్యొద్దు తల్లీ! ఆయన్ని నా దగ్గరికే పంపించు."

ముగ్గురూ మామగారిని మంచంతో సహా మోసుకెళ్ళారు. మా ఆయన కుంటుతూనే మోశారు. దాలయ్య గంటసేపు మర్దించి చెప్పాడట: "మంచం మీద మనిషికి నిండా దుప్పటి కప్పి, గాలి తగలకుండా తీసుకుపొండి. ఉక్కపోస్తోంది, తియ్యమని గోల చేస్తాడు. సాయంత్రం దాకా తియ్యకండి."

మావాళ్ళు దాలయ్య ఇంట్లోకెళ్ళి దుప్పటి తెచ్చారు. మంచం మీద మనిషికి నిండా కప్పారు. గాలి దూరకుండా తాడుతో కట్టారు కూడా.

మధ్యాహ్నానికి పెరటి గుమ్మంలోంచి వచ్చారు. వీధి మెట్ల మీద నూనె ఇంకా ఇంకలేదు.

దుప్పటిలోంచి ఒకటే గోల. "అమ్మా, నేను దాలయ్యని! చేతులు లాగేస్తుంటే ఒక్క నిమిషం ఈ మంచం మీద నడుం వాల్చాను! మీ ముసలాయన ఎప్పుడో లేచి నడిచెళ్ళాడు! దుప్పటి తియ్యండి!"

"చూశావా, దాలయ్య చెప్పినట్టే గోల చేస్తున్నాడు" అన్నారు మా ఆయన. "ఎంత తెలివైనవాడో!"

ఇంతలో ఎవరో వీధి తలుపు తట్టారు.

"అమ్మాయ్! నడుం సర్దుకుంది. నడుచుకుంటూ వచ్చేశాను. తలుపు తియ్యి."

గొంతు మామగారిదే. గడియ మీద చెయ్యి వేసి ఆలోచించాను. మా మామగారు నడవలేరు. నడవలేరనే కదా మర్దనా చేయించింది! మరి ఈ నడిచొచ్చిందెవరు?

"మా మామగారు మంచం మీదున్నారు బాబూ. వెళ్ళండి" అని గడియ బిగించాను.

బయట మెట్ల మీద దబ్బున చప్పుడైంది. ఎవరో మరి, పాపం.

వెనక్కి తిరిగి లెక్కపెట్టాను. మా ఆయన, గవర్రాజు, ఎర్నాయుడు, మంచం మీద మామగారు. వెళ్ళినవాళ్ళు నలుగురు, వచ్చినవాళ్ళు నలుగురు. అందరూ క్షేమం.