తుంగకి తలంటు

ఊరి తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ఆ ముగ్గురన్నదమ్ములకి గట్టి నమ్మకం. గవరయ్య, సన్యాసి, ముత్యాలు. ఎవరేం చెప్పినా అందులో ఒక్క ముక్క వదలరు, చేసి తీరతారు.

వాళ్ళు సాగుచేసే మిరపచేను అక్క పైడమ్మది. పోయినేడు పంటంతా తుంగ కలుపు మింగేసింది. "ఈపాలి పైరు పోనాదంటే సేను ఇంకొకలకి ఇచ్చేత్తాను" అని అక్క తేల్చి చెప్పింది. ముగ్గురూ పరుగున కలుపుమందుల షాపుకి పోయారు.

షాపాయన ఓపిగ్గా చెప్పాడు. "తుంగాకు మీద మైనంలాంటి పూత ఉంటుంది. నీటిచుక్క నిలవదు, జారిపోతుంది. ఆ పూత దాటితేనే మందు లోపలికి దిగుతుంది. అందుకే ఈ జిగురు కలిపి కొట్టండి. ఆకు తడిగా ఉంటే కొట్టొద్దు. మిరప మీద చుక్క పడనివ్వొద్దు."

"పూత సంగతి మాకొగ్గీండి" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది! గంపెడు కుంకుడుకాయలు నానబెట్టారు. చేలో వంగి ఆకులు రుద్దితే నడుములు పట్టేశాయి. అంతే, తుంగనంతా దుంపలతో పెరికి ఇంటికి తెచ్చి, నూతి దగ్గర పీటలేసుకుని ఒక్కో ఆకుకీ తలంటు పోశారు.

"ఒరే, ఇప్పుడు మందు దేనికి కొడతాం?" అన్నాడు ముత్యాలు.

నిజమే కదా! తుంగనంతా మళ్ళీ మోసుకెళ్ళి, తాడు పట్టి వరసగా నాటారు. మందు పడకముందే చస్తే మందు దండగని బిందెలతో నీళ్ళు కూడా పోశారు.

"మరి మిరప మీద సుక్క పడితే?" అన్నాడు సన్యాసి. అంతే! మిరపమొక్కలన్నీ పీకి, కట్టలు కట్టి, ఇంట్లో మంచం కింద దాచారు.

ముగ్గురూ తువ్వాళ్ళతో తుంగాకులు తుడుస్తుంటే చినుకు మొదలైంది. గొడుగేసుకుని అక్క వచ్చింది.

"మిరపేదిరా?"

"ఇంటికాడ సల్లగా ఉందప్పా. ఒక్క సుక్క పడనేదు!" అన్నాడు సన్యాసి.

పైడమ్మ గట్టు మీద కూలబడింది. "ఇంక మీకు సేను నేదు. రేపే ఇంకొకలకి ఇచ్చేత్తాను."

గవరయ్యకి నిజంగానే ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాడు. అక్క చేతిలో గొడుగు లాక్కుని పరుగెత్తి తుంగ మీద పట్టాడు.

"ఇచ్చీయప్పా. గానీ ఆడికి సెప్పు, ఆకులింకా తడారనేదని!"