మూడు రోజుల సత్రంలో నాలుగేళ్ళు

పరదేశి గురువుగారిని ప్రశ్న అడగడం అంత తేలిక కాదు. ఎవరు ఏ సందేహంతో వచ్చినా ముందు ఒక చేట, చిక్కుడుకాయల బుట్ట వాళ్ళ ముందుకు తోసేవారు. ఈనెలు తీస్తూ అడగాలి. సగంమంది బుట్ట ఖాళీ అయ్యేసరికి సందేహం మరిచిపోయి, అదే కూరతో భోంచేసి వెళ్ళిపోయేవారు. ఆశ్రమంలో వంట అలా గడిచిపోతోందని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టినవాళ్ళూ అదే అనేవారు.

శిష్యుడు సోమలింగం మాత్రం మరిచిపోలేదు. అతను పట్నంలో బడిపంతులు. పక్కవీధి పిల్ల ఒకతె ఎనిమిది నెలలుగా అతని ఇంట్లో ఉంటోంది. కన్నవాళ్ళ దగ్గరికి పంపితే ఆ పిల్ల బతికి బట్టకట్టదని అందరికీ తెలుసు, అందుకని పంపలేడు. అలాగని ఉంచేసుకుంటానని నోరు తెరిచి అననూ లేదు. నెలాఖరు వచ్చినప్పుడల్లా, వచ్చే నెల చూద్దాంలే అంటున్నాడు. పరాయి బిడ్డను ఎన్నాళ్ళు ఉంచుకుంటే ధర్మం, ఎన్నాళ్ళు దాటితే మమకారం అవుతుందని అతని ప్రశ్న. ఇందుకు శాస్త్రప్రమాణాలు కూడా రెండు రాసుకొచ్చాడు. గురువుగారు ఆ కాగితాన్ని అరుగు మీద పరిచి, తీసిన ఈనెలు దాని మీద వెయ్యమని, ఈ సంగతి చెప్పారు.

కొండకు వెళ్ళే బాట మీద వెనకటికి ఒక సత్రం ఉండేది. కట్టించిన జమీందారిణి రెండు నియమాలు పెట్టి పోయింది. బాటసారి ఎవరైనా మూడు రోజులే ఉండాలి, నాలుగో రోజు పొద్దున్నే గుమ్మం దాటాలి. లోపల ఉన్నంతకాలం వాళ్ళ మీద బయటివాడెవడూ చెయ్యి వెయ్యకూడదు. సత్రం చూసుకునే పైడయ్య ఈ రెండింటినీ దీపం ముందు ప్రమాణం చేసి తలకెత్తుకున్నాడు. నాలుగో నాటి పొద్దున పెళ్ళివారిని సగం తిన్న విస్తళ్ళ ముందునుంచి లేపేసిన మనిషి అతను. తలలో మెదడుకు బదులు గుంజ పాతారని అతని భార్య ఎర్రయ్యమ్మ అనేది.

ఒకనాడు ఊరిపెద్దలు ఆరేళ్ళ పిల్లను తెచ్చి అతనికి అప్పగించారు. పేరు నూకాలు. తల్లి లేదు. తండ్రి గవరయ్య తాగొచ్చి కొరివితో కాల్చిన మచ్చలు చేతుల మీద ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వేరే చోటు దొరికేదాకా చూడమన్నారు. ఆ చోటేదో వెతకడం అందరూ మరిచిపోయారు.

నాలుగో రోజు వచ్చింది. పిల్లను పంపడానికి పైడయ్యకు మనసొప్పలేదు, నియమం తప్పడానికీ ఒప్పలేదు. అయితే వెళ్ళినవాళ్ళు మళ్ళీ రాకూడదని జమీందారిణి ఎక్కడా అనలేదు. అంచేత ప్రతి నాలుగోనాటి పొద్దున నూకాలు తన మూట పట్టుకుని గుమ్మం దాటి, సత్రం ప్రహరీ చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్ళీ గుమ్మంలోకి వచ్చేది. పైడయ్య ఆ పిల్లను పుట్టి బుద్ధెరిగి చూడనట్టు మొహం పెట్టి, ఏ ఊరమ్మా, ఎన్నాళ్ళుంటావని అడిగేవాడు. మూడు రోజులుంటానండీ అనేది పిల్ల. ఇలా నాలుగేళ్ళు జరిగింది. వాన పడితే తనే తాటాకు గొడుగు పట్టుకుని వెంట తిరిగి, మలుపు దగ్గర గొడుగు పిల్ల చేతికిచ్చి, తడుస్తూ ముందుకు పరిగెత్తి గుమ్మంలో నిలబడేవాడు. ఒకసారి పిల్లకు జ్వరం వస్తే భుజాన వేసుకుని తిరిగాడు. గుమ్మంలోకి వచ్చాక భుజం మీది పిల్లనే, ఏ ఊరమ్మా అని అడిగాడు. ఎర్రయ్యమ్మ ఆ పూట అతనికి అన్నం పెట్టలేదు.

నవ్వులాటగానే ఉంది గానీ, నూకాలు నాలుగేళ్ళూ ఆ మూటను ఖాళీ చెయ్యలేదు. అందులోంచి గౌను తీసి తొడుక్కునేది, ఉతికి మళ్ళీ అందులోనే పెట్టుకునేది. అది చూసి ఎర్రయ్యమ్మ చాటుగా ఏడ్చేది.

ఈ ప్రదక్షిణం సంగతి చివరికి గవరయ్య చెవిన పడింది. పిల్ల పదేళ్ళదైంది, పనికొస్తుంది. వచ్చి, సత్రం ఎదురుగా మకాం వేసి, లోపలికి రాకుండా రోజులు లెక్కపెట్టుకున్నాడు. నాలుగోనాటి పొద్దున గుమ్మానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. లోపల నూకాలు మూట పట్టుకుని నిలబడింది. తండ్రిని చూసింది. అయినా అడుగు ముందుకే వేస్తోంది. నియమం అంటే పైడయ్యకెంతో దానికీ అంతే మరి. పైడయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"మూడు దినాలూ అయిపోనాయి," అన్నాడు గవరయ్య. "నా పిల్లని గుమ్మం దాటించు. నీ రూలు నీకు నాను నేర్పాలా?"

జనం పోగయ్యారు. పైడయ్య గుమ్మంలో కూలబడి తల పట్టుకున్నాడు. అతని ఆలోచన ఎప్పుడూ ఎడ్లబండి నడకే. ఎర్రయ్యమ్మ లోపలినుంచి రోకలి పట్టుకొచ్చింది. అది గవరయ్య కోసమో మొగుడి కోసమో ఎవరికీ తెలియలేదు.

చాలాసేపటికి పైడయ్య తలెత్తాడు.

"నియమం బాటసారులకి," అన్నాడు నెమ్మదిగా. "బాటసారంటే ముందుకెల్డానికో చోటున్నోడు. ఈ పిల్లకి ఎల్డానికి చోటు లేదు. అంచేత ఇది బాటసారి కాదు."

"మరేటి?" అన్నాడు గవరయ్య.

అదే పైడయ్యకూ తెలియలేదు. ఇంకా కాసేపు ఆలోచించాడు. ఆ సత్రంలో ఉండేది రెండే రకాల మనుషులు, వచ్చిపోయేవాళ్ళు, ఇంటివాళ్ళు.

"అయితే మా యింటి పిల్లే అయ్యుండాల," అన్నాడు, తనే ఆశ్చర్యపోతూ.

ఈ ముక్క తట్టడానికి నాలుగేళ్ళు పట్టిందా అని ఎర్రయ్యమ్మ అక్కడే కూర్చుని ఏడ్చింది. రోకలి మాత్రం వదల్లేదు. జనం గవరయ్యకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. అతను కొంతసేపు అరిచి వెళ్ళిపోయాడు. తరవాత మరి రెండుసార్లు వచ్చాడు గానీ పిల్ల నీడ కూడా దొరకలేదు.

ఆ మధ్యాహ్నం ఎర్రయ్యమ్మ కాకరకాయ కూర వడ్డించింది. నాలుగేళ్ళుగా ఏది పెట్టినా కిక్కురుమనకుండా తిన్న నూకాలు ఆ కూరను విస్తట్లో ఓ పక్కకు నెట్టేసి, నాకిది వద్దు, బాగోదు అంది. కంచి వెళ్ళొచ్చిన యాత్రికులు కూడా మెచ్చుకున్న కూర అది. పైడయ్య పిల్లను కేకలేశాడు. పిల్ల మూతి ముడుచుకుంది. ఎర్రయ్యమ్మ పిల్ల పక్షం చేరింది. ముగ్గురూ సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు.

గురువుగారు అంతటితో ఆపి, చేటలోని చిక్కుళ్ళు చెరిగారు.

సోమలింగం ఇంకో ఈనె తీసి కాగితం మీద వేసి, ఇంతకీ ఎన్నాళ్ళన్నది తేలలేదండీ అన్నాడు.

"మీ ఇంట్లో ఉన్న పిల్ల ఏ కూర తినదు?" అన్నారు గురువుగారు.

అలాంటి పేచీలేమీ లేవని, ఏది పెట్టినా తింటుందని, ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వద్దనలేదని సోమలింగం కాస్త గర్వంగానే చెప్పాడు.

"అయితే ఆ పిల్ల మీ ఇంటికి ఇంకా రాలేదు," అని గురువుగారు చేట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.