మడి కట్టుకున్న కన్ను

నీలకోట రాజు ధర్మాంగదుడికి ఒక పిచ్చి పట్టిందంటే అది ఊరంతటికీ పట్టాల్సిందే. ఈసారి చుక్కల పిచ్చి. ఓడ వర్తకుల దగ్గర పెద్ద దుర్భిణి కొని బురుజు మీద పెట్టించాడు. శుక్రవారం సాయంత్రం ఎవరైనా వచ్చి చూడొచ్చని దండోరా వేయించాడు. ఆ గొట్టంలో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. అయినా జనం విరగబడ్డారు.

చుక్కల సంగతులు చెప్పే పని ఆస్థాన జ్యోతిష్కుడు గరుడావధానిది. ఆయన నోరు తెరిస్తే చుక్క కుంకేదాకా మూసేవాడు కాదు. మెడలు పట్టేసి సగం మంది చూడకుండానే ఇళ్ళకి పోయేవాళ్ళు. చూసినవాళ్ళేమో ప్రశ్నలు వేసేవాళ్ళు. అదే ఆయనకి కంపరం.

"ప్రభూ, గొడ్లు కాసేవాళ్ళకీ చేపలమ్మేవాళ్ళకీ గ్రహాలెందుకు? ఆ పాపిష్టి కళ్ళకి ఏం కనపడతాయి? నేనొక్కణ్ణే చూసి చెబుతాను, విని తరిస్తారు."

రాజు తలూపాడు.

పక్కనే తాంబూలం చుడుతున్న పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. అవధాని గొట్టానికి కన్ను ఆనించడం ఆమె ఒక్కనాడూ చూడలేదు. నలుగురి కళ్ళూ తగిలి మైలపడిందని, జానెడు దూరంలో నిలబడి, కళ్ళు మూసుకుని చదివిందంతా అప్పజెప్పేవాడు. ఈయనా జనానికి కళ్ళు లేవనేది!

"ఆయనకీ ఏం కనపడదు దొరా," అంది.

"ఏం కూశావే!" అవధాని ఎగిరిపడ్డాడు.

"రేపు శుక్రవారమేగా, రుజువు చెయ్యి," అన్నాడు రాజు. "చెయ్యలేకపోతే బురుజుకి తాళం వేయిస్తా. నువ్వు తాంబూలప్పళ్ళెం అక్కడ పెట్టి మీ ఊరెళ్ళిపో."

మర్నాడు పొద్దు వాలింది. పడమట శుక్రుడు మెరిశాడు. సరిగ్గా దాని కిందే, కొండవాలున, అవధాని ఇల్లు. పైడితల్లి గొట్టం తుడుస్తున్నట్టే తుడిచి, కాస్త కిందికి వంచింది.

అవధాని తలస్నానం చేసి, తడిబట్టలతో వచ్చి, జానెడు దూరంలో నిలబడ్డాడు.

"ఆహా! శుక్రాచార్యులవారు! తెల్లటి రథం! చేతిలో జపమాల! చుట్టూ శిష్యగణం!"

"బాగా చూశారా అయ్యవారూ?"

"వెంట్రుకవాసి తేడా లేకుండా చూశానే!"

"దొరా, ఇక తమరు చూడండి."

రాజు కన్ను ఆనించాడు. నవ్వుతో భుజాలు కదలడం మొదలైంది.

"అవధానీ, శుక్రుడి మీద ఒక అరుగుంది. ఆ అరుగు మీద మీ అత్తగారు కూచుని చుట్ట కాలుస్తోందయ్యా! అదీ తలకిందులుగా!"

"మాయ! మోసం! ఇది గొట్టం తిప్పేసింది! నేను చూసినప్పుడు శుక్రుడే ఉన్నాడు!"

"తిప్పింది నేనే దొరా," అంది పైడితల్లి. "కానీ ఈయన రాకముందే తిప్పాను." అవధాని వైపు తిరిగింది.

"మడి కట్టుకున్న కంటికి శుక్రాచార్యులు, మా మైల కళ్ళకి అత్తగారు! ఇంటికెళ్ళాక ఎవరికి దణ్ణం పెడతారు అయ్యవారూ?"

బురుజు దద్దరిల్లేలా నవ్వారు జనం. రాజు కళ్ళు తుడుచుకుంటూ బురుజు తాళంచెవి పైడితల్లి కొంగులో వేశాడు.

"శుక్రవారాలు ఇక నీవి. అవధాని వరసలో ఆఖర్న నిలబడి, అందరూ చూశాక, కన్ను ఆనించి చూస్తాడు!"

"తొందరగా కానీండయ్యా, చుట్ట అయిపోతోంది!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఏ చుక్కకీ కట్టనంత పొడుగు వరస ఆ సాయంత్రం అవధానిగారి అత్తగారికి కట్టింది.